ఒక్కతే ఐతే "వచ్చింది", ఇద్దరైతే "వచ్చారు": భాష మన బుర్రని మలుస్తుందా, చరిత్ర భాషని మలుస్తుందా?

వానచినుకు:

నమస్తే అండీ అందరికీ. కొన్ని రోజులుగా బుర్రలో తిరుగుతున్న డౌట్ ఇది, కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదివి చెప్పండి.

నాతో పనిచేసే ఒకమ్మాయి తెలుగు నేర్చుకుంటోంది, తన సొంత భాష తమిళం. మొన్న క్రియలు చెప్తున్నా, అతను వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది అని వరసగా చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో ఆపి "ఆగాగు, ఆమెకీ ఆవుకీ బస్సుకీ అన్నిటికీ ఒకటేనా?" అంది. తమిళంలో ఆడమనిషైతే వందాళ్, ఆవైతే వందదు, రెండూ వేరు. పుట్టినప్పట్నుంచి మాట్లాడుతున్న భాష, నాకు ఒక్కసారి కూడా ఈ సంగతి తట్టలేదు. ఆ తర్వాత ఇంకో వింత బయటపడింది, ఇద్దరు ఆడవాళ్ళైతే "వచ్చారు" అంటాం, రెండు ఆవులైతే "వచ్చాయి" అంటాం. అంటే ఒక్కతే ఉన్నప్పుడు ఆవు వరసలో, ఇద్దరు కలిస్తే మనుషుల వరసలో.

తను ఎత్తిపొడవడానికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "పాతకాలంలో మీవాళ్ళు ఆడవాళ్ళని అలా చూశారు కాబట్టి భాష ఇలా తయారైందా, లేకపోతే భాష ఇలా ఉంది కాబట్టి చూపు అలా తయారవుతుందా?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు నాకు.

వెతికితే ఒకళ్ళేమో మాట లేకపోతే ఆ భావమే ఉండదు అంటారు, ఇంకొకళ్ళేమో భాష ఒట్టి సంచి, ఏది వేస్తే అది మోస్తుంది అంటారు. నాకు రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. చరిత్ర, భాష, సంస్కృతి అని మూడు పేర్లు చెప్తాం కదా, మనిషి ప్రవర్తనని నిజంగా నడిపించేది వీటిలో ఏది? తనకి సరైన జవాబు చెప్పాలని ఉంది, దయచేసి తెలిసినవాళ్ళు రాయండి.

అక్షరాలపిచ్చి:

చాలా మంచి ప్రశ్న అండీ. ముందు తెలుగు సంగతి చెప్తా, ఎందుకంటే ఇక్కడే చాలామంది తప్పు దారి పడతారు.

ఎవరో పనిగట్టుకుని ఆడవాళ్ళని ఆవుల పక్కన కూర్చోబెట్టలేదు. తెలుగు, గోండి, కువి, కొలామి ఇలాంటి భాషల్లో ఏకవచనంలో రెండే అరలు, మగ ఒకటి, మగ కానిది ఇంకొకటి. తమిళంలో కన్నడలో వినపడే "అవళ్" అనే స్త్రీ రూపం ద్రావిడ భాషల కుటుంబంలోని దక్షిణ శాఖలో తర్వాత పుట్టిన కొత్త రూపం. గోండిలో ఐతే బహువచనంలో కూడా ఆడవాళ్ళు మగ కాని అరలోనే ఉంటారు, మనకి బహువచనంలో మనుషులంతా ఒకటయ్యారు. ఇక మలయాళం ఐతే క్రియ చివర ఈ గుర్తులే వదిలేసింది, అతనైనా ఆమైనా ఆవైనా "వన్ను" అంతే. ఒకే కుటుంబంలో ఇన్ని రకాలు ఉన్నాయి. మరి క్రియ చివర అక్షరమే చూపుని నిర్ణయించేదైతే తమిళులకీ మనకీ మలయాళీలకీ ఆడవాళ్ళ పట్ల చూపులో దానికి తగ్గ తేడా కొట్టొచ్చినట్టు కనపడాలి కదా, అలా ఎక్కడ కనపడుతోంది?

ఇంకా బయటికి వెళ్ళి చూడండి. ఫిన్నిష్, టర్కిష్, పర్షియన్, ఈ మూడింట్లో అతను, ఆమె అనే తేడానే లేదు, ఇద్దరికీ ఒకే మాట. ఫిన్లాండ్‌లో ఆడవాళ్ళకి ఓటు 1906లోనే వచ్చింది, యూరప్‌లో అదే మొదటిది. టర్కీలో పార్లమెంటు ఎన్నికల్లో ఓటు 1934లో, ఇరాన్‌లో 1963లో. సర్వనామం తీరు ఒకటే, చరిత్రలు వేరు. జర్మన్‌లో "అమ్మాయి" అనే మాట నపుంసకలింగం, ఆ మాట చివర ఉన్న "చిన్న" అనే అర్థం ఇచ్చే ప్రత్యయం ఏ మాటకి తగిలినా నపుంసకం చేసేస్తుంది కాబట్టి. అమ్మాయి మనిషి కాదని ఏ జర్మనూ అనుకోడు.

మన "పచ్చ" చూడండి. పచ్చగడ్డి అంటాం, పచ్చకామెర్లు అంటాం, రెండు వేరే వేరే రంగులకి ఒకే మాట. అంతమాత్రాన గడ్డి రంగుకీ కామెర్ల కంటి రంగుకీ తేడా తెలీని తెలుగువాడు ఉన్నాడా? హిందీలో నిన్నకీ రేపటికీ ఒకటే "కల్", వాళ్ళెవరూ రేపు రావాల్సిన చోటికి నిన్ననే వెళ్ళి కూర్చోలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఎదురుగా లేని ఒకావిడ గురించి "అది" అన్నప్పుడు ఆ మాట నిజంగానే గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకోవడం వ్యాకరణం చేసే పని కాదు, "ఆమె, ఆవిడ, వారు" అని వేరే మాటలు చేతిలో ఉండి కూడా ఆ మనిషి "అది"ని ఏరుకున్నాడు కాబట్టి గుచ్చుకుంటుంది. మీ ఫ్రెండ్‌కి ఈ తేడా చెప్పండి.

రాత్రిపాఠకుడు:

పైన చెప్పింది నిజం. నేను చరిత్ర వైపు నుంచి చెప్తా, నా దృష్టిలో మనిషిని ఎక్కువ నడిపించేది తాతముత్తాతల బతుకుతెరువు. మాటలు దాని మీద పేరుకున్న పొర.

ఆడ మగ సంగతే తీసుకోండి. ఎస్తర్ బోసరప్ అని డెన్మార్క్‌లో పుట్టిన ఆర్థికవేత్త, 1970లో ఒక వాదన పెట్టారు. గుద్దలితో, తవ్వుకర్రతో వ్యవసాయం చేసిన చోట ఆడవాళ్ళు పొలంలో సమానంగా పనిచేశారు, నాగలి వచ్చిన చోట మాత్రం ఆ బరువు పట్టి దున్నడానికి, పశువుని అదుపు చేయడానికి కండబలం కావాల్సి వచ్చింది, పైగా చంటిపిల్లని చూసుకుంటూ చేసే పని కాదది, దాంతో పొలం మగవాడిది, ఇల్లు ఆడదానిది అని గీత పడింది అని. 2013లో అలెసీనా, జూలియానో, నన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ మాటని లెక్కలతో పరీక్షించారు. పూర్వీకులు నాగలి వాడిన సమాజాల్లో ఇవ్వాళ్టికీ ఆడవాళ్ళు బయట పనిచేయడం తక్కువగా, ఆడవాళ్ళ స్థానం గురించి అభిప్రాయాలు ఎక్కువ అసమానంగా కనపడ్డాయి. నన్ను కదిలించిన ముక్క ఏంటంటే వలస వెళ్ళినవాళ్ళ పిల్లల్లో కూడా అదే కనపడింది. ఆ పిల్లలు వేరే దేశంలో, వేరే చట్టాల కింద, వేరే భాషలో పెరిగారు, నాగలిని ఎప్పుడూ ముట్టుకోలేదు, కానీ నాగలి గీసిన గీత వాళ్ళ ఇంట్లోకి వచ్చేసింది. ఎవరూ పాఠం చెప్పి ఉండరు, చూసి నేర్చుకున్నది అది.

పంచుకోవడం కూడా అంతే. ఒక ఆట ఉంది, ఒకరికి కొంత డబ్బు ఇచ్చి అవతలివాళ్ళకి ఎంతిస్తావో చెప్పమంటారు, అవతలివాళ్ళు వద్దంటే ఇద్దరికీ పైసా రాదు. పెరూ అడవుల్లోని మచిగెంగా వాళ్ళు సగటున నాలుగో వంతు దగ్గర ఇస్తామన్నారు, అవతలివాళ్ళు దాదాపు ఎప్పుడూ కాదనలేదు. ఇండోనేషియాలో లమలెరా అనే ఊళ్ళో తిమింగలాలు వేటాడతారు, వాళ్ళు సగం కంటే ఎక్కువే ఇచ్చారు. తిమింగలం ఒక్కడివల్ల పట్టుబడేది కాదు, పడవ నిండా మనుషులు కావాలి, దొరికిన తర్వాత ఎవరికెంత అన్నదానికి లెక్క ఉండాలి, ఆ అలవాటు ఆటలోకి వచ్చింది. మచిగెంగా కుటుంబాలు ఎవరి బతుకు వాళ్ళే బతుకుతాయి, తెలీనివాళ్ళతో బేరం తక్కువ. పాపువా న్యూగినీలో రెండు సమాజాల్లో ఐతే సగం కంటే ఎక్కువ ఇస్తామన్నా వద్దన్నారు, ఎందుకంటే అక్కడ పెద్ద కానుక తీసుకోవడం అంటే తీర్చాల్సిన రుణం నెత్తినెత్తుకోవడం. పిసినారి ఎవరు, దాత ఎవరు అని మనం పుట్టుగుణాలు అంటగడతాం గానీ చాలావరకు అది బతికిన తీరు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. 2013లోనే కీత్ చెన్ అని ఒక ఆర్థికవేత్త, భవిష్యత్తుని వేరే రూపంలో చెప్పక్కర్లేని భాషలవాళ్ళు ఎక్కువ పొదుపు చేస్తారు అని పేపర్ రాశారు, పెద్ద గోల అయింది. (మన తెలుగు కూడా కొంచెం అలాంటిదే, "రోజూ వస్తాను", "రేపు వస్తాను", రూపం ఒకటే.) తర్వాత 2015లో ఇంకో ఇద్దరితో కలిసి చెన్ స్వయంగా మళ్ళీ చూశారు. అక్కచెల్లెళ్ళ లాంటి భాషల్ని వేరు వేరు సాక్ష్యాలుగా లెక్కపెట్టకుండా సరిచేస్తే ఆ సంబంధం బాగా పలచబడిపోయింది. ఒకే అమ్మమ్మ పోలిక పదిమంది మనవలకి వస్తే అది పది సాక్ష్యాలు కాదు కదా, ఒక్కటే. భాష, మతం, పెళ్ళి పద్ధతి, పొదుపు అన్నీ కలిసే వారసత్వంగా వస్తాయి, అందుకే ఏది దేనివల్ల అని విడదీయడం ఇంత కష్టం. 1880ల చివర్లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ చిక్కు పట్టుకున్నాడు, ఇప్పటికీ దానికి ఆయన పేరే.

దిక్సూచి:

@రాత్రిపాఠకుడు గారు, మీరు రాసినవన్నీ ఒప్పుకుంటా కానీ భాషని "పొర" అనేస్తే నాకు మనసు ఒప్పట్లేదు. నేను వినికిడి లేని పిల్లలతో పనిచేస్తా. భాష అందని మనిషికి ఏం జరుగుతుందో కళ్ళారా చూస్తున్నా కాబట్టి రాస్తున్నా.

నికరాగువా దేశంలో 1970ల చివరి వరకు చెవిటి పిల్లలకి ఉమ్మడి భాష అంటూ లేదు, ఎవరింట్లో వాళ్ళు ఏవో సొంత సైగలు చేసుకునేవాళ్ళు. రాజధాని మనాగువాలో స్కూల్ పెట్టి పిల్లల్ని ఒకచోట చేర్చారు. టీచర్లేమో పెదాల కదలిక చూసి స్పానిష్ నేర్చుకోమన్నారు, పిల్లలు ఆటస్థలంలో బస్సుల్లో వాళ్ళలో వాళ్ళు సైగలు కలుపుకుని ఒక కొత్త భాషనే పుట్టించేశారు. మొదటి బ్యాచ్ వాళ్ళ సైగలు మొరటుగా ఉండేవి, తర్వాత వచ్చిన చిన్నపిల్లలు దాన్ని నిండు భాష చేశారు. "అనుకుంటున్నాడు", "తెలుసు", "తెలీదు" లాంటి మాటలు మొదటి బ్యాచ్ దగ్గర చాలా తక్కువ.

వీళ్ళకి ఒక పరీక్ష పెట్టారు. ఒకడు బొమ్మని ఒకచోట పెట్టి వెళ్తాడు, వాడు లేనప్పుడు ఇంకొకడు దాన్ని వేరేచోట దాస్తాడు, తిరిగొచ్చిన మొదటివాడు ఎక్కడ వెతుకుతాడు? అవతలివాడి బుర్రలో తప్పు సమాచారం ఉందని ఊహించగలగాలి దీనికి. పెద్దవాళ్ళై, ఎంతో లోకం చూసిన మొదటి బ్యాచ్ వాళ్ళు ఇందులో తడబడ్డారు, వాళ్ళకంటే చిన్నవాళ్ళు బాగా చేశారు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే చిన్నవాళ్ళతో కలిసి తిరిగి ఆ "అనుకోవడం" మాటలు నేర్చుకున్న పెద్దవాళ్ళు కూడా మెరుగయ్యారు. ఈ పరిశోధన 2009లో వచ్చింది. అవతలి మనిషి మనసులోకి తొంగిచూడడానికి మాట మెట్టులా పనికొచ్చింది ఇక్కడ. అందుకే నేను ఏ తల్లిదండ్రులు వచ్చినా ఒకటే బతిమాలతా, మాట రాకపోయినా పర్లేదు, సైగలు ముందు మొదలుపెట్టండి, లేటు చేయకండి అని.

ఇంకోటి, ఆస్ట్రేలియాలో గూగు యిమిదిర్ అనే భాష, కంగారూ అనే మాట ప్రపంచానికి ఇచ్చింది వాళ్ళే, 1770లో కెప్టెన్ కుక్ ఓడ రిపేరుకి ఆగినప్పుడు రాసుకున్నారు (కంగారూ అంటే "నాకు తెలీదు" అని అర్థం అనే కథ తప్పు, అది ఆ జంతువులో ఒక రకం పేరే). ఆ భాషలో ఎదుటివాడి కుడి ఎడమ అని చెప్పరు, "నీ ఉత్తరం వైపు కాలి దగ్గర చీమ ఉంది" అన్నట్టే మాట్లాడతారు. అలా మాట్లాడాలంటే ఇరవైనాలుగు గంటలూ దిక్కు తెలిసి ఉండాలి, వాళ్ళకి తెలుస్తుంది కూడా, కొత్త చోటికి తీసుకెళ్ళినా.

రోమన్ యాకబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త అన్నది ఇదే, భాషల మధ్య అసలు తేడా ఏది చెప్పగలం అన్నదాంట్లో కంటే ఏది చెప్పక తప్పదు అన్నదాంట్లో ఉంటుంది అని. టర్కిష్‌లో జరిగిన సంగతి చెప్తే కళ్ళారా చూశావా, విన్నావా అన్నది క్రియలోనే తేలిపోతుంది. మనకీ ఉంది కదా, "వచ్చాడు", "వచ్చాడట". మనం "మనం" అనాలంటే ఎదుటివాళ్ళని కలుపుకోవాలా వద్దా అని తేల్చుకోక తప్పదు, లేకపోతే "మేము" అనాలి. ఇంగ్లీషువాడికి ఆ అవసరం లేదు. ఆలోచించలేడని కాదు, వాడిని ఎవరూ ప్రతిసారీ అడగరు, మనల్ని భాష ప్రతిసారీ అడుగుతుంది.

రాత్రిపాఠకుడు:

@దిక్సూచి గారు, నికరాగువా ముక్క చదివాక "పొర" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. రష్యన్ రంగుల పరిశోధన కూడా మీ వైపే ఉంది, 2007ది. రష్యన్‌లో లేత నీలానికీ ముదురు నీలానికీ రెండు వేరే పేర్లు, ఆ గీతకి అటొకటి ఇటొకటి ఉన్న రంగుల్ని వాళ్ళు కొంచెం వేగంగా పసిగట్టారు, ఇంగ్లీషువాళ్ళలో ఆ తేడా లేదు. ఐతే అంకెల వరస ఒకటి మనసులో గుర్తుపెట్టుకుంటూ చేయమంటే ఆ వేగం పోయింది. అంటే కన్ను మారలేదు, లోపల మాట అప్పటికప్పుడు సాయం చేస్తోంది, దాని నోరు కట్టేస్తే సాయం ఆగింది.

గడపదగ్గర:

అందరూ బాగా రాశారు. నాకు అంత చదువు లేదు కానీ ఒక సంగతి చెప్పాలనిపించింది, భాషని మనుషులు కావాలని మారిస్తే ప్రవర్తన మారుతుందా అని.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట స్వీపర్లనీ వాచ్‌మెన్‌లనీ వయసుతో సంబంధం లేకుండా అందరూ "నువ్వు" అనేవాళ్ళు, పాతికేళ్ళ కుర్రాడు అరవయ్యేళ్ళ పెద్దాయన్ని. చేరిన కొత్తలో నేనూ అలాగే అన్నా, ఎందుకంటే అక్కడ అదే గాలి. ఒకరోజు మా నాన్న వయసు ఆయన్ని "ఏయ్ నువ్వు ఇటు రా" అన్నాక నా గొంతు నాకే వినపడింది. మర్నాటి నుంచి "మీరు" అనడం మొదలుపెట్టా. మొదట ఆయన ఇబ్బంది పడ్డారు, "వద్దమ్మా, అలా అనకండి, మిగతావాళ్ళు ఏమనుకుంటారో" అన్నారు. నేను మానలేదు. ఒక నెల గడిచాక ఆయనే వచ్చి పై అంతస్తు గోడలో వైర్ల దగ్గర నీళ్ళు దిగుతున్నాయని చెప్పారు. ఎప్పట్నుంచి అంటే రెండేళ్ళ నుంచట. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే "ఎవరికి చెప్పాలమ్మా" అన్నారు. జీతం మారలేదు, పని మారలేదు, మారింది ఒక్క మాటే.

తర్వాత తెలిసింది, ఇది దేశాలకి దేశాలు చేసి చూశాయని. స్వీడన్‌లో ఎదుటిమనిషిని నేరుగా పిలవడమే పెద్ద తిప్పలుగా ఉండేదట, "డైరెక్టర్‌గారు కూర్చుంటారా" అని ఆయన మొహం మీదే మూడో మనిషిలా అనాల్సి వచ్చేది, పదవి పేరు తెలీకపోతే నోరు తెరవడానికే భయం. 1967లో ఆరోగ్య శాఖ బోర్డుకి హెడ్‌గా వచ్చిన బ్రూర్ రెక్సెడ్, నేను అందరినీ "డూ" అంటా, మీరూ నన్ను అలాగే అనండి అని స్టాఫ్‌కి చెప్పారు. డూ అంటే మన నువ్వు. అప్పటికే జనంలో ఆ గాలి మొదలైంది, ఆయన మాటతో ఇంకా ఊపందుకుంది, చూస్తుండగానే రాజకుటుంబానికి తప్ప అందరికీ డూ అయిపోయింది. అదే ఫ్రాన్స్‌లో విప్లవం టైంలో 1793లో అందరూ "త్యూ" (మన నువ్వు) అనాలని పైనుంచి ఒత్తిడి తెచ్చారు, అది నిలవలేదు, "వూ" (మన మీరు, అదీ బహువచనమే) వెనక్కి వచ్చేసింది. పదిహేడో శతాబ్దం ఇంగ్లండ్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు పెద్దలనీ జడ్జిలనీ కూడా "దౌ" అని ఏకవచనంలో పిలిచి దెబ్బలు తిన్నారు. ఒక్క సర్వనామం కోసం దెబ్బలు తిన్నారంటే ఆ మాట లోపల ఎంత అధికారం దాగి ఉందో చూడండి.

అంటే జనం సిద్ధంగా ఉన్నప్పుడు మాట తలుపు తీస్తుంది, లేనప్పుడు ఆర్డర్ వేసినా తెరుచుకోదు, నాకు అర్థమైంది అంతే. తప్పైతే చెప్పండి.

అక్షరాలపిచ్చి:

@గడపదగ్గర గారు, తప్పేం లేదండీ, ఈ మొత్తం త్రెడ్‌లో మీ పోస్టే నాకు ఎక్కువ నచ్చింది. చిన్న మాట కలుపుతా, స్వీడన్ అందర్నీ కిందికి దింపి సమానం చేసింది, మీరు ఆ పెద్దాయన్ని పైకి తెచ్చి సమానం చేశారు. తెలుగులో రెండో దారే నడుస్తుందని నా అభిప్రాయం, మనకి "మీరు"లో ఉన్న మర్యాదని వదులుకోవడం కంటే అందరికీ పంచడం తేలిక.

వానచినుకు:

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. నిన్న తనతో కూర్చుని అన్నీ చెప్పా. మగ కానివి అనే అర, తమిళ అవళ్ తర్వాత పుట్టడం, నాగలి సంగతి, నికరాగువా పిల్లలు. నికరాగువా దగ్గర తను చాలాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత తనే ఒకటి పట్టుకుంది. "మా తమిళంలో ఆమెకి వేరే రూపం ఉంది నిజమే, కానీ మా అమ్మమ్మ గురించి చెప్పేటప్పుడు నేను వందాళ్ అనను, వందాంగ అంటా, అది బహువచనం. గౌరవం కావాలంటే మేమూ మీలాగే బహువచనంలోకే వెళ్ళాలి" అంది. నిజమే కదా, మనం కూడా "అమ్మమ్మగారు వచ్చారు" అంటాం, మగవాళ్ళనైనా ఆడవాళ్ళనైనా అంతే. ఒక్క మనిషిని పెద్ద చేయాలంటే పదిమందిని చేయాలి అన్నమాట. ఫ్రెంచ్ "వూ" కూడా బహువచనమే అని పైన చూశాక ఇంకా ఆశ్చర్యంగా ఉంది, మనకీ వాళ్ళకీ సంబంధమే లేదు కదా.

ఆ "వచ్చింది" దగ్గర నాకు పడిన ముల్లు ఇంకా పూర్తిగా పోలేదు, నిజం చెప్పాలి. కానీ ఇప్పుడు నేను క్రియ చివర చూడట్లేదు, ఎవరు ఎవరి గురించి "అది" అంటున్నారో వింటున్నా. పొద్దున్నుంచి రెండుసార్లు విన్నా, ఒకసారి మాట్లాడింది నేనే.

గౌరవానికి బహువచనమే ఎందుకు అన్నదానికి వేరే త్రెడ్ పెడతా, @అక్షరాలపిచ్చి గారు మీరు తప్పకుండా రావాలి.